చింతగింజలతో మొదటి లెక్కలు

(గండికోటలో జరిగిన కార్తీక వనభోజనాల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

నా మాటలు పట్టించుకోకుండా ధాన్యాగారం గోడ పక్కన రాళ్ళు ఏరుకుంటున్న చిన్నవాళ్ళకు ఆశీస్సులు. ఈరోజు నా ప్రసంగమంతా వాళ్ళను గురించే.

మన సభల్లో మామూలుగా డి.ఎ. బకాయిలు, వైద్య బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు, ఇవే మాటలు. ఈసారి కార్యదర్శి గారు ‘కుటుంబాలతో వస్తున్నారు, బకాయిల సంగతి పక్కన పెట్టి పిల్లలకు పనికివచ్చేది ఏదైనా చెప్పండి’ అన్నారు. ఒకటో తరగతి పిల్లల చేత పలకలు దిద్దించి రిటైరయిన వాణ్ని గనుక, బడిలో చేరకముందు పిల్లలకు లెక్కలు ఎలా అబ్బుతాయి అన్న విషయం ఎంచుకున్నాను. మూడేళ్ళు దాటి ఆరేళ్ళలోపు ఉన్న పిల్లల సంగతి మాత్రమే చెబుతాను. మూడేళ్ళలోపు వాళ్ళకు చింతగింజలు అసలు చేతికి ఇవ్వవద్దు. నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. వాళ్ళకు గరిటెలు, గిన్నెలు చాలు.

ఇప్పటి ఇళ్ళలో నేను చూస్తున్నది ఇది. పిల్లకు మూడున్నరేళ్ళు నిండీ నిండకముందే ఎల్.కె.జి. సాయంత్రం పుస్తకం తెరిస్తే 1 నుంచి 50 వరకు మూడుసార్లు రాయమని ఇంటిపని. పెన్సిలు పట్టుకోవడానికి ఆ వేళ్ళు ఇంకా గట్టిపడలేదు. తల్లికి ఒకవైపు వంట, ఒకవైపు ‘రాయి, రాయి’ అని గదమాయింపు. పిల్ల ఏడుస్తుంది. అంకె అంటేనే ఏడుపు అని నాలుగేళ్ళకే మనసులో పడిపోతే, ఆ తర్వాత లెక్కల పీరియడు వచ్చేసరికి కడుపునొప్పి అనే పిల్లలను ఎంతమందిని చూడలేదు మనం? లెక్కలు తప్పి పదో తరగతితో చదువు ఆపేసిన వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అందుచేత ఇది చిన్నపిల్లల ఆటల వ్యవహారం గదా అని తేలికగా తీసుకోవద్దని మనవి.

మా మనవరాలు నాలుగేళ్ళప్పుడు ఇంగ్లీషులో వంద దాకా గడగడా చెప్పేది. చుట్టాలందరూ మెచ్చుకునేవారు. ఒకనాడు వాళ్ళ అవ్వ చింతగింజల పళ్ళెం ముందు పెట్టి ‘ఐదు గింజలు ఇయ్యి పాపా’ అంటే గుప్పెడు తీసి ఇచ్చింది. ‘ఎన్ని ఇచ్చినావు?’ అంటే వేలితో తాకుతూ లెక్క మొదలుపెట్టింది. కొన్ని గింజలను రెండేసిసార్లు తాకింది, ఒకదాన్ని వదిలేసింది, చివరకు పన్నెండు అన్నది. ఉన్నవి తొమ్మిది. ‘అయితే ఎన్నున్నాయి?’ అని మళ్ళీ అడిగితే జవాబు చెప్పకుండా మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. లెక్కపెట్టినప్పుడు ఆఖరున పలికిన మాటే మొత్తం అని ఆ పిల్లకు ఇంకా తెలియదు. వంద దాకా వచ్చింది పాట మాత్రమే, లెక్క కాదు.

ఇది మా ఇంటి పిల్ల ఒక్కదాని సంగతి కాదు. రోషెల్ గెల్మన్, గ్యాలిస్టెల్ అనే అమెరికా పండితులు 1978లో చిన్నపిల్లల సంఖ్యా జ్ఞానం మీద ఒక పుస్తకం రాశారు. లెక్కపెట్టడం అనే పనిలో ఎన్ని పనులు దాగి ఉన్నాయో అందులో విడదీసి చూపించారు. మాటలు ఎప్పుడూ ఒకే వరసలో రావాలి. ఒక మాటకు ఒక వస్తువు, ఒక వస్తువుకు ఒకే మాట. ఆఖరి మాటే మొత్తం. లెక్క ఏ వైపునుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. రాళ్ళయినా, మనుషులయినా, చప్పట్లయినా లెక్క ఒకటే. పెద్దవాళ్ళమైన మనకు ఇవి చెప్పనక్కరలేనివి. నాలుగేళ్ళ పిల్లకు ఒక్కొక్కటీ ఒక్కొక్క కొండ. వీటిలో వరస ఒక్కటే నోటితో వల్లె వేస్తే వస్తుంది. మిగిలినవన్నీ చెయ్యి కదిలితేనే వస్తాయి.

వరస అంటే ఒక చిన్న మాట గుర్తుకు వచ్చింది. మన వైపు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, ‘లాభం’ అంటారు. ఇంత పెద్ద ధాన్యాగారం ముందు నిలబడి ఉన్నాం గనుక చెబుతున్నాను, ఇక్కడ కొలిచిన వాళ్ళు ఎన్ని వేలసార్లు లాభం అని ఉంటారో! కళ్ళంలో తాత ‘లాభం, రెండు, మూడు’ అంటుంటే పక్కన నిలబడిన పసివాడికి ఒకటి ఏమైపోయిందో అర్థం కాదు. పెద్దయ్యాక తెలుస్తుంది లెండి.

ఆ పని చేతికి నేర్పే ఆటలు మన ఇళ్ళలోనే ఉన్నాయి. వామనగుంటలు చూడండి. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. ఒక గుంటలోని గింజలు తీసుకుని ఒక్కో గుంటలో ఒక్కొక్కటి విడుచుకుంటూ పోవాలి. ఒక గుంటకు ఒక గింజ, ఏ గుంటనూ దాటవేయకూడదు, ఏ గుంటలోనూ రెండు వేయకూడదు. గెల్మన్ గారు పుస్తకంలో రాసిన ఒకటికి ఒకటి అన్న నియమం ఇదే. నాలుగేళ్ళ పిల్లకు పద్నాలుగు గుంటల ఆట అక్కరలేదు. నేలమీద సుద్దతో ఐదు గుండ్రాలు గీసి, ఐదు గింజలు ఇచ్చి, గుండ్రానికి ఒకటి వేయమనండి. మర్నాడు నాలుగు గింజలే ఇవ్వండి. ఒక గుండ్రం ఖాళీగా మిగులుతుంది. ‘దీంట్లో ఎన్నున్నాయి?’ అని అడగండి. మా మనవరాలు ‘ఏమీ లేవు తాతా’ అన్నది. ఏమీ లేకపోవడానికి కూడా ఒక అంకె ఉందని, దాని పేరు సున్న అని చెప్పడానికి అంతకంటె మంచి సమయం దొరకదు. సున్న కూడా ఆ గుండ్రం మాదిరిగానే ఉంటుంది గనుక పిల్ల మరచిపోదు.

అచ్చనగాయల ఆట ఇంకా గొప్పది. సభలో ఉన్న అక్కయ్యలకు నేను చెప్పనక్కరలేదు. ఐదు రాళ్ళు. ఒకటి ఎగరేసి, అది కిందపడేలోగా నేలమీది నాలుగింటిని ఏరాలి. మొదటి ఆటలో ఒక్కొక్కటిగా, రెండో ఆటలో రెండేసి, మూడో ఆటలో మూడూ ఒకటీ, నాలుగో ఆటలో నాలుగూ ఒక్కసారి. అంటే నాలుగు అనేది నాలుగు ఒకట్లు, రెండు రెండ్లు, మూడూ ఒకటీ అని చెయ్యి నేర్చుకుంటుంది. ఒకటో తరగతి పుస్తకంలో కూడికలు అని వచ్చేది ఇదే గదా! చిన్నపిల్లకు రాయి ఎగరేసి పట్టుకోవడం రాదు. రాయి అవ్వ ఎగరవేయాలి, నేలమీదివి పిల్ల ఏరుకోవాలి. ఇద్దరూ కలిసి ఒక మనిషి లాగా ఆడతారు. గుప్పిట మూసి ‘నా చేతిలో మూడున్నాయి, కింద ఎన్ని మిగిలి ఉంటాయి?’ అని అడిగితే తీసివేత కూడా అయిపోతుంది. తీసివేత అనే మాట ఎత్తకుండానే.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. గవ్వలు లేకపోతే, చింతగింజను బండకు రుద్ది ఒకవైపు తెల్లగా చేసుకుంటాం. వేసిన మరుక్షణం ఎన్ని తెల్లవి పడ్డాయో కన్ను చెప్పాలి, వేలు పెట్టి లెక్కించకూడదు. ఒకటి, రెండు, మూడు వస్తువులను లెక్కపెట్టకుండానే గుర్తుపట్టే శక్తి మనిషికి పసితనంలోనే ఉంది. ఈ ఆట దానికి పదును పెడుతుంది. నాలుగూ బోర్లాపడితే ఎనిమిది అనేది మాత్రం చిన్నపిల్లకు చెప్పవద్దు. కనబడేది ఒకటి, అనేది ఒకటి అయితే తికమకపడుతుంది. ఆ ముచ్చట ఏడేళ్ళకు.

ఇక్కడ అమెరికాలో చేసిన ఒక పరిశోధన చెప్పాలి. సీగ్లర్, రమణి అనే ఇద్దరు 2008లో ప్రచురించారు. పేద కుటుంబాల నుంచి వచ్చిన నాలుగైదేళ్ళ పిల్లలకు ఒక అట్ట మీద 1 నుంచి 10 వరకు గళ్ళు వరసగా గీసి ఇచ్చారు. ముల్లు తిప్పితే ఒకటో రెండో వస్తుంది, అన్ని గళ్ళు జరగాలి, జరుగుతూ ఆ గడిలో ఉన్న అంకె పైకి చదవాలి. రెండు వారాల్లో నాలుగుసార్లు, సారికి పావుగంట, అంతే. అంకెల్లో ఏది పెద్దది, ఏది ఎక్కడ ఉంటుంది అన్నది ఆ పిల్లలకు బాగా తెలిసింది. తొమ్మిది వారాల తర్వాత చూసినా నిలిచి ఉంది. అంకెలకు బదులు రంగుల గళ్ళతో ఆడిన పిల్లలకు ఆ లాభం కలగలేదు. తర్వాతి పరిశోధనల్లో ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. గుండ్రంగా తిరిగే గళ్ళకంటె తిన్నగా పోయే గళ్ళు మేలు. రెండోది ఇంకా ముఖ్యం. పిల్ల 3 గడిలో ఉండి, రెండు పడితే, ‘ఒకటి, రెండు’ అని జరిగితే లాభం తక్కువ. ‘నాలుగు, ఐదు’ అని జరగాలి.

దీనికి అట్ట కొననక్కరలేదు. బండమీద సుద్దముక్కతో పది గళ్ళు తిన్నగా గీసి, అంకెలు వేసి, రూపాయి బిళ్ళ ఎగరవేయండి. బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండు. పిల్లనే గళ్ళలో నిలబెట్టి నడిపించినా సరే, తొక్కుడుబిళ్ల లాగా. ఓడిపోతే ఏడుస్తారు, గడి దాటేసి మోసం చేస్తారు. దాటేస్తే ‘ఐదు అలిగింది, దాన్ని పిలవలేదు నువ్వు’ అని మా ఇంటావిడ అంటుంది. పిల్ల వెనక్కి వెళ్ళి ఐదును పిలుచుకొస్తుంది.

ఇంతవరకు విని, ‘అయితే ఆటలు ఆడిస్తే చాలు, లెక్కలు వాటంతట అవే వచ్చేస్తాయి’ అని మీరు అనుకోవచ్చు. చాలామంది అలాగే చెబుతారు, పత్రికల్లో రాస్తారు కూడా. నేను ఒప్పుకోను.

మనం కూర్చున్న ఈ కోటకు 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు వచ్చాడు. కోట మీర్ జుమ్లా చేతికి వచ్చిన రోజులవి. ఆయన తన ప్రయాణాల పుస్తకంలో ఒక గని ఊరిని గురించి రాశాడు. అది కర్నూలు దగ్గరి రామళ్ళకోట అని కొందరు గుర్తించారు, కాదన్నవారూ ఉన్నారు. ఆ ఊళ్ళో పొద్దున్నే వర్తకుల పిల్లలు, పదేళ్ళ నుంచి పదిహేను, పదహారేళ్ళ లోపువాళ్ళు, చెట్టు కింద కూర్చునేవారట. ఒక పక్క వజ్రాలు తూచే రాళ్ళ సంచి, నడుముకు వరహాల సంచి. ఎవరైనా వజ్రం తెస్తే పెద్దపిల్లవాడి చేతికి ఇస్తారు, అది ఒకరి చేతినుంచి ఒకరి చేతికి తిరుగుతుంది. బేరం చేసి కొంటారు. సాయంత్రం కొన్నవన్నీ కలిపి, రకాలు వేరుచేసి, పెద్ద వర్తకులకు అమ్మి, లాభం పంచుకుంటారు. పెద్దవాడికి కాస్త ఎక్కువ వాటా. తూకం, ధర, లాభం, వాటా, ఇన్ని లెక్కలు! కాగితం మాట లేదు.

నా బడిలో కూడా అటువంటి పిల్లవాడు ఒకడుండేవాడు. ఇంటిదగ్గర మేకలు కాసేవాడు. సాయంత్రం మంద దొడ్లోకి పోతుంటే ఒకటి తగ్గిందని చూపుతోనే చెప్పేవాడు, ఏది తగ్గిందో కూడా చెప్పేవాడు. పలక మీద 9 వేసి పక్కన 4 వేసి తీసివేయమంటే బిగుసుకుపోయేవాడు. తెలివి లేకనా? కాదు. మందలోని తొమ్మిదికీ పలక మీది 9కీ చుట్టరికం ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు.

నా అనుభవం ఇంతే గాని, దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించిన వాళ్ళున్నారు. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన ఎస్తేర్ డుఫ్లో, హార్వర్డ్ ఆచార్యురాలు ఎలిజబెత్ స్పెల్కీ, మరికొందరు, ప్రథమ్ సంస్థతో కలిసి ఢిల్లీలోని 214 శిశు పాఠశాలల్లో 1,540 మంది పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువ తక్కువలు చూపుతో చెప్పడం, ఆకారాలు పోల్చడం, ఇటువంటి ఆటలు కొన్ని నెలలు ఆడించారు. ఆ చూపులెక్కల్లో పిల్లలు బాగా ముందుకు వెళ్ళారు, ఏడాది దాటినా అది నిలిచింది. కాని అదే పిల్లలు ఒకటో తరగతిలో చేరాక, బడి లెక్కల్లో మిగతావాళ్ళకంటె ముందున్నారా అంటే, లేరు! 2025లో అదే డుఫ్లో గారు, అభిజిత్ బెనర్జీ గారు మొదలైనవారు కలకత్తా, ఢిల్లీ బజారుల్లో కూరగాయలు అమ్మే పిల్లలమీద చేసిన పరిశోధన వచ్చింది. బేరంలో వాళ్ళు నోటిలెక్కన క్షణంలో చిల్లర తేల్చేస్తారు. అదే లెక్క కాగితం మీద బడి పద్ధతిలో ఇస్తే తడబడతారు. కాగితం మీద చేయగల బడిపిల్లలేమో బజారులో తడబడ్డారు. మా మేకల పిల్లవాడే మళ్ళీ కనిపించాడు నాకు.

అందుచేత ఆట ఒక గట్టు, పలక ఒక గట్టు. మధ్యలో ఎవరైనా నిలబడి చెయ్యి పట్టుకుని దాటించాలి. ఉద్యోగానికి పరుగెత్తే తల్లిదండ్రులకు ఆ తీరిక లేదు. ఒక తరగతిలో నలభై మంది ఉంటే పంతులమ్మకూ కుదరదు. తీరిక ఉన్నది మనకే.

దాటించడం ఎలా అంటారా? ఆట మధ్యలోనే మాటను కలపాలి. గింజలు గుండ్రాల్లో వేసేటప్పుడు ‘ఒకటి, రెండు, మూడు’ అని ఊరుకోకుండా ‘మూడు గింజలు’ అని మొత్తం కూడా అనిపించాలి. ఆ ఒక్క మాట చాలామంది వదిలేస్తారు. కొన్నాళ్ళకు ఐదు అగ్గిపెట్టెలు తీసుకుని, పైన 1 నుంచి 5 వరకు అంకెలు రాసి, ఏ పెట్టెలో అన్ని గింజలు దాచమనండి. అంకె రాయమనవద్దు, గుర్తుపట్టితే చాలు. ఆట అయ్యాక ‘అవ్వకు ఎన్ని వచ్చాయి, నీకు ఎన్ని వచ్చాయి, గుర్తు పెట్టుకుందామా’ అని పలక మీద మీరే వేయండి. రెండో రోజు పలక చూపి ‘నిన్న ఎవరు గెలిచారు?’ అంటే పిల్ల 5నూ 3నూ చూసి చెబుతుంది. అంకె ఎందుకు కనిపెట్టారో పిల్లకు అక్కడ తెలుస్తుంది. అది జ్ఞాపకం పెట్టుకోవడానికి. మన పాసుబుక్కు మాదిరిగా.

ఏ భాషలో అనాలి అని కోడళ్ళు అడుగుతుంటారు. బడిలో వన్, టూ అంటారు గదా, ఇంట్లో తెలుగులో అంటే పిల్ల గందరగోళపడదా అని. పడదు. పైగా మన మాటల్లో ఒక సౌకర్యం ఉంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ముప్పై మూడు, పది దాటిన ప్రతి గుంపులో పదులెన్నో ఒకట్లెన్నో మాటలోనే వినిపిస్తుంది. పదకొండు, పన్నెండు కాస్త ముసుగు వేసుకున్నా, పదమూడు దగ్గర్నుంచి పది మళ్ళీ తొంగిచూస్తుంది. ఇంగ్లీషు ఎలెవెన్, ట్వెల్వ్‌లో పది ఎక్కడుందో పిల్లకు వినబడదు. ఫోర్టీన్‌లో నాలుగు ముందు వచ్చి పది వెనక్కి పోతుంది, అందుకే 14 రాయమంటే 41 రాస్తారు కొందరు. హిందీలో వంద దాకా దాదాపు ప్రతి మాటా విడిగా కంఠస్థం చేయవలసిందే. కాబట్టి శెనక్కాయలు పదేసి కుప్పలు పోసి, ‘రెండు పదులు, ఇరవై. పక్కన మూడు, ఇరవై మూడు’ అని తెలుగులో ఆడించండి. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మాంటిస్సోరి గారి పద్ధతిలో పదేసి పూసలు గుచ్చిన కడ్డీలతో చేయించేదీ ఇదే. కుప్ప మీద కుదిరిన జ్ఞానం ఏ భాషలోకైనా నడిచి వెళుతుంది.

ఒకటి మాత్రం పట్టించుకోవద్దు. ఎనిమిది గింజలు దగ్గరగా ఒక వరస, ఎనిమిది గింజలు ఎడంగా ఒక వరస పెట్టి ఎందులో ఎక్కువ అంటే, నాలుగేళ్ళ పిల్ల పొడుగు వరసలో అంటుంది. స్విట్జర్లాండు పండితుడు పియాజే దీన్ని ఎప్పుడో గమనించాడు. వాదించి లాభం లేదు. ఆరేడేళ్ళు వచ్చేసరికి ఆ పిల్లే మనల్ని చూసి నవ్వుతుంది.

ప్రభుత్వం కూడా ఈ దారికే వచ్చింది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో అంగన్‌వాడీల పథకం మొదలైంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా పునాది దశ అన్నది. ఆ దశకు 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక ఆటలతోనే నేర్పమంటున్నది. కాగితం మీద బాగానే ఉంది. మన పిల్లలు వెళ్ళే బడిలో అది ఎంతవరకు జరుగుతున్నదో మీరు వెళ్ళి చూడండి. పెన్షనరు తాత వెళ్ళి మర్యాదగా అడిగితే కాదనే హెడ్మాస్టరు ఉండడు. 1 నుంచి 50 మూడుసార్లు రాయించడానికి బదులు ఏం చేయవచ్చో అక్కడ నాలుగు మాటలు చెప్పవచ్చు.

వంట కమిటీ వారు నావైపే చూస్తున్నారు, ముగిస్తాను. ఈరోజు విస్తళ్ళు వేసే పని ఐదేళ్ళ పిల్లలకు ఇప్పించమని వాళ్ళను ముందే అడిగాను. పంక్తికి పదిమంది. ఆకులు పదేసి కట్టలుగా కట్టి పెట్టారు. ఒక కట్టలో కావాలని ఒక ఆకు తగ్గించాను, ఏ కట్టో చెప్పను. మీ ముందు ఆకు పడకపోతే పిల్లను కసరకండి, మీరు లేచి తెచ్చుకోకండి. ‘ఎన్ని తగ్గినాయి పాపా?’ అని అడిగి, వెళ్ళి తెచ్చేదాకా కూర్చోండి.